ఆదివారం చర్చిలో వాన కబురు

మా చిన్నప్పుడు... ఆదివారం ఆరాధన అయ్యాక, ఆఖరి ప్రార్థనకు ముందు చర్చిలో వాన కబురు చదివేవారు. చదివేది నేనే!

మైదుకూరులో బస్సెక్కి, రోడ్డు మీద దిగి కొండల్లోకి నడిస్తే వచ్చే ముప్పై గడపల ఊరు మాది. మూడు వైపులా కొండలే... మబ్బు కొండెక్కి నెత్తిమీదికి వచ్చేదాకా కనబడదు. అందుకని శనివారం సాయంత్రం రేడియోలో రైతుల కార్యక్రమం చివర్లో చెప్పే వారం రోజుల వాతావరణాన్ని నేను కాగితం మీద రాసుకుని, మర్నాడు చర్చిలో నిలబడి చదవాలి. మా నాయన సంఘపెద్ద. ఊళ్లో రేడియో ఉన్నదీ మా ఇంట్లోనే. ఐదో తరగతికే అంత ఉద్యోగం... ఎన్ని గొప్పలు పోయేదాన్నో!

మా ఇంట్లో రేడియో అంటే వార్తలు, వాతావరణం... అంతే. సినిమా పాటలు పెడితే నాయన ఊరుకునేవాడు కాదు. ఒక శనివారం మధ్యాహ్నం పెద్దవాళ్లంతా చేనికి పోగానే, రేడియోను దుప్పట్లో చుట్టుకుని గాదె వెనక్కి చేరాను. పాట మీద పాట... పొద్దు వాలేసరికి రేడియో గొంతు సన్నబడి, ఆగిపోయింది. మళ్లీ కాస్త పలుకుతుందని బ్యాటరీలు తీసి ఎండలో పెడదామంటే ఎండేదీ?

ఏం చేయాలో తోచలేదు. పోయిన వారం రాసుకున్నదే మళ్లీ ఎక్కించాను. "వారమంతా పొడి వాతావరణం. వాన సూచన లేదు" అని ఆదివారం గట్టిగా చదివేశాను. అందరూ ఆమెన్ కూడా అన్నారు, పాపం.

అవి శెనక్కాయ పీకే రోజులు. పీకిన చెట్లు నాలుగు రోజులు చేలోనే ఎండాలి. ఆ లోపు వాన పడిందా... కాయ మొలకెత్తుతుంది, మేతకు దాచే కట్టె నల్లబడి పశువులు కూడా ముట్టవు. నా మాట నమ్మి సోమవారం ఊరంతా పీకుడు మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం బడి నుంచి వస్తుంటే, రోడ్డు మీద ఆగిన బస్సు కండక్టర్ ఎవరితోనో అంటున్నాడు... "రేపు మద్దేన్నం నుంచి గట్టి వాన ఉండాదంటప్పా. శనివారమే రేడియోలో చెప్పినారు గదా!"

ఊరి దారి పట్టి గబగబా నడిచాను. దారిలో సువార్తమ్మత్త ఎదురైంది. ఒంటరి మనిషి, ఉన్నది ఒక్క ఎకరా. "పాపా, వానలేదని నువ్వు చెప్పినావనే చేనంతా ఒక్కదినంలోనే పీకిచ్చినా" అంటూ నా తల నిమిరింది. ఇంక ఆగలేకపోయాను. ఇంటికి పరుగెత్తి నాయన ముందు అంతా కక్కేశాను.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "నాకు చెప్తే ఏమొస్తాది? సంఘానికంతా చెప్పినావు. ఇంటింటికీ పోయి, అబద్దం చెప్పినానని నీ నోటితోనే చెప్పు. ఇంకా పొద్దుండాది, పో" అన్నాడు.

ముప్పై గడపలు... అదే మాట ముప్పైసార్లు... కొందరు తిట్టారు, కొందరు తువ్వాలు భుజాన వేసుకుని చేనికి బయల్దేరారు. సువార్తమ్మత్త గడప దగ్గర మాత్రం నాకు ఏడుపు ఆగలేదు.

"తర్వాత ఏడుద్దువులే. ముందు ఈ టార్పాలిన్ పట్ట కొస పట్టుకో" అంది.

తెల్లవారేసరికి ఊరంతా చేలల్లోనే ఉంది. చెట్లు కుప్పలేసి టార్పాలిన్ పట్టలు కప్పారు. అవి చాలకపోతే చర్చి చాపలు తెచ్చి కప్పారు. నాయన అందరి చేలల్లోనూ పని చేశాడు, మా చేను మాత్రం ఆఖరికి మిగిలింది. ఆయన ఎవరినీ రమ్మనలేదు. అయినా అందరూ వచ్చారు. మా ఆఖరి కుప్ప మీద రాళ్లు పెడుతుండగా చినుకులు మొదలయ్యాయి.

పై ఆదివారానికి నాయన కొత్త బ్యాటరీలు తెచ్చాడు. ఇంక నన్ను చదవనివ్వరులే అని నేను చర్చిలో వెనక చాప మీద నక్కి కూర్చున్నాను. నాయన నా పేరే పిలిచాడు. లేచి ముందుకు నడిచాను. ముందు వరుసలోంచి సువార్తమ్మత్త, "పాటలు విన్యావా పాపా, వాన కబురు విన్యావా?" అంది. చర్చంతా ఒకటే నవ్వు... నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూనే. ఆ రోజు పడినంత సంతోషం తర్వాత ఏ పరీక్ష పాసైనా పడలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఎవరి ఫోను వాళ్లదే. గంట గంటకూ వాన కబురు... మంచిదే, నేనూ రోజుకు పదిసార్లు చూస్తాను. మీ ఊళ్లో అప్పట్లో ఈ కబురు ఎవరు చెప్పేవారో రాయండి, చదవాలని ఉంది.

మొన్న ఫోను ఎండ అన్న రోజునే వాన కొట్టి, కళ్లంలో మా మిరపకాయలు తడిసిపోయాయి... తప్పు చెప్పానని మా గడపకొచ్చి ఏడ్చినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.