రాళ్ల చడావు మీద మా మేడం

మార్చి ఆఖరి ఆదివారం. పొద్దున్నే ప్రాక్టీసుకని వెళ్తే మా పిల్లలంతా చడావు కింద సైకిళ్లు దిగి ఊరికే నిలబడి ఉన్నారు. మేడం ఉన్నచోట ఎవరైనా అట్లా నిలబడటం నేనెన్నడూ చూడలేదు. నేను అడిగేలోపే ఒక పిల్ల ఏడ్చేసింది. రాత్రి గుండె ఆగి మా పీఈటీ మేడం పోయారు.

చడావు అంటే ఎల్బీ నగర్‌లో మా కాలనీ వెనక, గుట్ట మీదికి ఎక్కే వీధి. ఎప్పుడో బండరాళ్లు పరిచారు. పైపుల కోసం తవ్వినప్పుడల్లా వాటినే అడ్డదిడ్డంగా పేర్చి పోయారు. అందరూ తిట్టుకునే ఆ వీధిని చూసి మురిసిపోయింది మా మేడం ఒక్కరే. బెల్జియంలో ప్రతి వసంతంలో ఒక ఆదివారం ఇట్లాంటి రాళ్ల గుట్టల మీదే ఒక్కరోజు సైకిల్ రేసు జరుగుతుంది. పేరున్న రైడర్లంతా వస్తారు. ఆ ఆదివారం పొద్దున మేడం మా ఆడపిల్లలకు చడావు మీద పందెం పెట్టేవారు. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోని తన ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అసలు రేసు చూపించేవారు.

టీవీలో ఆ రైడర్లు వానలో, బురదలో జారిపడుతుంటే ఒకసారి అడిగాను: "మేడం, గీళ్లకు జీతమిచ్చి మరీ గుంతల్ల తోలుతరా?"

"మనకు జీతం లేకుండనే ఉన్నయి గదనే గుంతలు!"

మా పందెంలో ఒక రివాజు ఉంది. గెలిచిన పిల్లకు చప్పట్లే. పుచ్చకాయ కోసే హక్కు మాత్రం అందరికన్నా చివర పైకొచ్చిన పిల్లది. ఆమె వచ్చేదాకా ఎవరికీ ముక్క దొరకదు. అందుకే గెలిచినవాళ్లు కూడా మళ్లీ కిందికి ఉరికి, "జల్ది రావే, దూపైతుంది!" అంటూ తోడు నడుస్తారు. మొదటేడు కత్తి నా చేతికే వచ్చింది. సగంలో దిగి, సైకిల్ నెట్టుకుంటూ, తల దించుకుని వచ్చాను.

"తలెత్తు," అన్నారు మేడం. "టీవీల చూడలె? ఛాంపియన్లు గూడ నెట్టుకుంటనే పోతరు. దిగితె ఏమైతది బిడ్డా? ఎనుకకు మాత్రం తిరుగొద్దు."

పట్టుదల అన్న మాటను వ్యాసాల్లో ఎన్నోసార్లు రాశాను. దాని బరువు ఆ రాళ్ల మీద అరచేతులు బొబ్బలెక్కినప్పుడే తెలిసింది.

రేపే ఆ రేసు ఆదివారం. చడావు మలుపులో ఉండే అంకుల్ నిన్న మమ్మల్ని ఆపారు. "ఇంకా పదోరోజైనా కాలేదు, అప్పుడే పందేలేంటమ్మా? ఆవిడ ఉన్నప్పుడంటే సరే. రేపు ఎవరైనా పడితే పూచీ ఎవరిది?" కాలనీ పెద్దలూ అదే మాట. ఈ ఏడు ఆపితే ఇక ఎప్పటికీ ఆగిపోతుందని మాకు తెలుసు.

మేడం వాళ్లమ్మ పోచంపల్లి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లోనే ఉంది. వెళ్లి అడిగాం.

"నా బిడ్డ పెండ్లయిన కొత్తల సైకిలెక్కితె గూడ నలుగురు నాలుగన్నరు," అంది ఆమె. "అది దిగిందా? పోర్రి, తొక్కుర్రి."

ఈ సాయంత్రం చీపుళ్లు పట్టుకుని చడావంతా ఊడ్చాం. మలుపు దగ్గర అంకుల్ కారు అడ్డంగా పెట్టి ఉంది. తీయమంటే, "నా ఇంటి ముందు నా కారు," అని తలుపేసుకున్నారు. సైకిల్ నెట్టి చూశాను. గోడకూ బంపర్‌కూ నడుమ ఒక హ్యాండిల్ పట్టేంత సందు ఉంది. రేపు పొద్దున, ఎండ ఎక్కకముందే, అందులోంచి ఒక్కొక్కరుగా పైకి పోతాం. ముందు నేను.