ఆగిపోయిన రంపం మిషన్‌తో నగర్తపేటకు

మా ఆయన కన్నుమూసి ఏడాది దాటింది. ఆయనతో నాకున్న ఒక తగువు మాత్రం ఇంకా తెగలేదు. అది మా ఇంటి అటక మీదున్న రంపం మిషన్ గురించి. చెట్లు కోసే ఆ పాత చైన్ సాతో ఆయన పద్దెనిమిదేళ్లు కుప్పం చుట్టుపక్కల నీలగిరి తోటలు కోశాడు. ఒకరోజు అది పనిలో ఉండగానే బిగుసుకుపోయింది. “బెంగళూరుకు తీసుకుపోతే బాగవుతుంది, పద, నేనూ వస్తా” అని నేను, “దాని ఆయుష్షు తీరిపోయింది లే మే” అని ఆయన. తొమ్మిదేళ్లు ఇదే గొడవ. కొత్తది కొనే తాహతు లేక ఆయన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌గా వెళ్లాడు. పదిహేను రోజులకొకసారి ఇంటికి వచ్చేవాడు. చివరికి ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే గుండె ఆగి పోయాడు. మిషన్ బాగు చేయించుకుని ఉంటే నా కళ్ల ముందే ఉండేవాడు కదా అని నాకు కోపం. అందుకే ఈ ప్రయాణానికి కారణం భక్తీ కాదు, విహారమూ కాదు, ఉత్త పంతం. దాన్ని నడిపించి తెచ్చి, ఆయన ఫొటో ముందు పెట్టి “చూసినావా, అయింది కదా” అనాలి. పోయిన మనిషి మీద గెలవాలని ఎవరైనా బయల్దేరతారా అంటే, నేను బయల్దేరాను.

ఇలాంటి పాత మిషన్ మీ ఇంట్లోనూ ఉండొచ్చు కాబట్టి దారి వివరంగా చెప్తాను. ముందురోజే ట్యాంకులో చుక్క లేకుండా వంపేసి, పొడుగాటి బారు, చైను విప్పేసి, ఇంజను ఒక్కటే గోనెసంచిలో మూట కట్టుకున్నాను. పెట్రోలు వాసన వస్తే రైల్లో గొడవ. కుప్పంలో పొద్దున ఆరు దాటాక ప్యాసింజరు ఎక్కాను, టికెట్టు ముప్పై రూపాయలు. ఎనిమిదిన్నరకు బెంగళూరులో దిగాను. అక్కడి నుంచి నగర్తపేట పక్కనున్న చిక్కపేటకు మెట్రోలో ఒక్క స్టేషనే గానీ, ఈ మూటను తనిఖీలో రానిస్తారన్న నమ్మకం లేక ఆటో మాట్లాడాను. రెండు వందలతో మొదలుపెట్టి నూట ఇరవైకి దిగాడు. డ్రైవరు పాతకాలం బెంగళూరు తెలుగాయన.

“మూటలో ఏముండాదమ్మా, ఇంత బరువుగా ఉండాది?”

“మా ఆయన రంపం మిషన్.”

“మరి ఆయప్ప రాలేదా? ఆడమనిషివి నువ్వు మోసుకోని వస్తా ఉండావు!”

“రాలేదు” అన్నాను.

నగర్తపేటలో ఒక సందు చివర నారాయణప్ప షెడ్డు. కుప్పంలో రంపాలు సానబట్టే ఆయన ఇచ్చిన గుర్తులు పట్టుకుని అడుగుతూ వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. వాళ్ల తాతల కాలంలోనే హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారట. మిషన్ చూడగానే ముఖం విప్పారింది. “అబ్బ! ఈ మాడల్ చూసి ఎన్నాళ్లాయె!” అంటూ తాడు లాగాడు. కదల్లేదు. నాలుగు బోల్టులు విప్పి పైనున్న సిలిండర్ ఎత్తాడు. లోపలి పిస్టన్‌ను వెలుతురుకు పట్టుకుని చూసి, “దీన్ని ఎవరమ్మా సంపినారు?” అన్నాడు.

పిస్టన్ చుట్టూ నిలువునా గీతలు, గోళ్లతో రక్కినట్టు. ఈ రకం ఇంజనుకు ఆయిల్ విడిగా పోసే చోటు ఉండదట. పెట్రోల్లోనే కలిపి పోయాలి. “ఒట్టి పెట్రోలు పోసినారు. పది నిమిషాలు తోలితే సాలు, కాలి అతుక్కుంటాది” అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్తే సిగ్గుగా ఉంది. “చూశారా! ముసలిదైపోయిందని అన్నాళ్లూ మిషన్ మీదికి తోశాడు. తప్పంతా ఆయనదే!” అనేశాను. నారాయణప్ప పిస్టన్‌ను పేపరులో చుట్టి నా చేతిలో పెట్టాడు. “కంపెనీవాళ్లు దీన్ని ఎప్పుడో నిలిపేసినారు. జోడు కుదిరేది ఎతకల్ల. అడ్డం ఎంత, పిన్ను రంధ్రం ఎంత, రంధ్రం నుంచి తల దాకా ఎంత, ఈ మూడూ కలిస్తేనే తీసుకో. అంతలో నేను సిలిండర్ యాసిడ్ ఏసి తోమి పెడతా.”

విడిభాగాల అంగళ్లుండే చిక్కపేటకు నడక పది, పదిహేను నిమిషాలే. బట్టల మూటల తోపుడుబండ్లు, “సైడ్, సైడ్” అని అరిచే హమాలీల మధ్య అది అరగంట పట్టింది. కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాను. మొదటి అంగట్లో చూడకుండానే లేదు పొమ్మన్నారు. రెండో చోట అడ్డం సరిపోయింది, పిన్ను రంధ్రం పెద్దది. మూడోది మెట్లెక్కి పోవలసిన అంగడి. కూర్చున్న శెట్టిగారికి అరవై ఏళ్లుంటాయి. ఓపికగా వెర్నియర్ స్కేలుతో కొలిచి, ఐదారు డబ్బాలు దించి, వేరే కంపెనీ పిస్టన్ ఒకటి పక్కన పెట్టాడు. మూడు కొలతలూ కలిశాయి. రింగు, పిన్నుతో కలిపి ఎనిమిది వందల యాభై.

బిల్లు రాస్తూ పాతదాన్ని తిప్పి చూశాడు. “ఆయిల్ లేకుండా తోలినారే! ఎవరిది?”

“మా ఆయనది. పద్దెనిమిదేళ్లు కోసి కూడా ఆయిల్ కలపడం మర్చిపోయాడు చూడండి.”

“పద్దెనిమిదేండ్లా? అట్లయితే ఆయన పోసింది కాదులేమ్మా. దినమూ కలిపే చెయ్యి మరిసిపోదు. ఇంట్లోవాళ్లు ఎవరో బైకు కోసం పెట్టిన పెట్రోలు తీసి పోసింటారు. నా దగ్గరికి ఇట్లాంటివి వస్తానే ఉంటాయి.”

మిషన్ బిగుసుకుపోయిన ఆ పొద్దు మొత్తం కళ్ల ముందుకొచ్చింది. నీలగిరి తోటకు లారీ వచ్చి వీధిలో హారన్ కొడుతోంది. ఆయన చొక్కా వేసుకుంటూ “మిషన్‌లో పెట్రోలు పోసిపెట్టు మే” అన్నాడు. నాకు అంగన్‌వాడీకి ఆలస్యమవుతోంది, ముందురోజు సూపర్‌వైజర్ చేత చీవాట్లు తిని ఉన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, విసురుగా పెరట్లోకి వెళ్లాను. అక్కడ రెండు డబ్బాలుండేవి. ఒకటి ఆయిల్ కలిపింది, ఒకటి బైకుది. చేతికి ఏది అందితే అది పోశాను. మధ్యాహ్నానికి ఆయన తిరిగొచ్చాడు. మిషన్ అరుగు మీద దించి, ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. పెరట్లోకి వెళ్లొచ్చాడు. నా వైపు చూశాడు. “పోయిందిలే. వయసైపోయింది దానికి” అన్నాడు. “కన్నబిడ్డలా చూసుకోవాల్సిన మిషన్‌ను నాశనం చేసినావు” అని నేను వీధికి వినబడేలా అరిచాను.

అంగడి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆయనకీ తెలిసి ఉండదులే, నిజంగానే పాతబడి పోయిందనుకుని ఉంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. పన్నెండు దాటాక లేచి షెడ్డుకు వెళ్లాను.

“దీన్ని ముందే ఒకసారి ఇప్పినారు కదమ్మా” అన్నాడు నారాయణప్ప. సిలిండర్ కింద వేసిన అట్టముక్క చూపించాడు. అక్కడ కంపెనీ గ్యాస్కెట్ ఉండాలట. దాని బదులు నోటుబుక్కు అట్ట కత్తిరించి వేసి ఉంది. వెనకట్ట మీద అచ్చేసే ఎక్కాలు, ఏడో ఎక్కం సగం కనిపిస్తోంది. అప్పట్లో బడికి పోయే మా పాప నోటుబుక్కు అట్ట. నేను ఇంట్లో లేనప్పుడు ఆయన దీన్ని విప్పాడు, ఈ గీతలన్నీ చూశాడు, మళ్లీ మూసి అటక మీద పెట్టాడు.

“ఇది ఇప్పినోడికి కారణం తెలియకుండా ఉండదు” అన్నాడు నారాయణప్ప.

“పదేళ్ల కిందట అప్పుడే మీ దగ్గరికి తెచ్చి ఉంటే?”

“తెచ్చినా నేను చేసేకి ఏముండాది? పదేండ్ల కింద దీని పిస్టన్ ఈ ఊర్లో యాడా లేదు. జోడు కుదిరే సరుకు ఈ మధ్యనే వస్తా ఉండాది.”

అంటే ఆయుష్షు తీరిందని ఆయన అన్నది కూడా ఆ రోజుకు నిజమే. ఎందుకు తీరిందో అదొక్కటే దాచాడు.

పిస్టన్, ప్లగ్గు, కార్బరేటర్‌లో రబ్బరు పొర, తాడు, అన్నీ వేసేసరికి నాలుగయింది. నారాయణప్ప లీటరు పెట్రోల్లో నలభై మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి, నాకు చూపించి మరీ ట్యాంకులో పోశాడు. “నువ్వే లాగమ్మా” అన్నాడు. ఐదోసారికి అందుకుంది. సందంతా దద్దరిల్లింది. ఏళ్ల తరబడి మా పొద్దులన్నీ ఆ మోతతోనే తెల్లవారేవి. నేను గెలిచాను. ఇక ఆపమని నారాయణప్ప చేయి పట్టుకున్నాను. “బాగయింది కదమ్మా, ఎందుకు ఏడుస్తావు?” అని పెద్దాయన కంగారుపడ్డాడు. పెట్రోలు పోసింది నేనేనని చెప్పాను. ఆయన ఉతికిన గుడ్డ ఒకటి ఇచ్చాడు. కూలీ, సరుకు అంతా కలిపి మూడు వేల రెండు వందలు. ట్యాంకు మళ్లీ వంపించుకుని సాయంత్రం రైలుకు తిరిగొచ్చాను.

ఇంటికొచ్చి పది రోజులైంది. మిషన్‌ను ఫొటో ముందు పెట్టలేదు, నాకు ధైర్యం చాలలేదు. గేటు ముందు కర్ర పట్టుకుని నిలబడ్డావంటూ, ఆయన ఇంటికి వచ్చినప్పుడల్లా సాధించాను. ఆయన అన్నం తింటుండగా చుట్టాల ముందు దెప్పాను. పోసింది నువ్వేనన్న మాట ఎన్నిసార్లు ఆయన నోటిదాకా వచ్చి ఉంటుందో! ఒక్కసారి అనేసి ఉంటే నేను నోరు మూసుకునేదాన్ని. మిషన్‌ను ఆయనే పాడు చేశాడని మా వీధిలో, మా బంధువుల్లో, అంగన్‌వాడీలో ఎంతమందితో చెప్పానో లెక్కలేదు. వాళ్లలో చాలామంది ఈ బ్లాగు చదువుతారు. పెట్రోలు పోసింది నేను. ఆయన కాదు.

ఇక దారిన పోయేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి. మీ ఇంట్లో ఇలాంటి మిషన్ ఉంటే, ఆయిల్ కలిపిన పెట్రోలు వేరే రంగు డబ్బాలో పోసి, “ఇది మిషన్‌ది” అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మిషన్ పాడైన మర్నాడే మా పెరట్లో ఒక డబ్బా మీద తెల్ల పెయింటుతో అలా రాసి ఉంది. మిషనే లేని ఇంట్లో ఇప్పుడు ఈ రాతెందుకని నేను నవ్వాను. ఆయనా నవ్వాడు.