గుర్రాన్ని చూడకుండా కుట్టిన జీను

కళ్యాణదుర్గం బస్టాండుకు దగ్గర్లో నాకొక చిన్న షాపుంది. ఆటోలకు, బైకులకు, ట్రాక్టర్లకు సీట్లు కుడతాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఈ జీను పని వచ్చేదాకా గుర్రం మీద చెయ్యి కూడా వేసి ఎరగను.

ఒక వేసవి పొద్దున, అరవైకి దగ్గర్లో ఉన్న ఒకాయన ఆటో దిగి, చేతికర్ర ఊతంతో షాపు మెట్టెక్కాడు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. భుజం మీద కంబళి చూసి గొర్రెలున్న మనిషని అనుకున్నాను.

"ఏమప్పా, జీను కుడతావా?" అన్నాడు.

నాకు వెంటనే తట్టలేదు. "దేనికన్నా?"

"గుర్రానికి. జీను ఇంక దేనికేస్తారు?"

గొర్రెల వెంట ఆయన గుట్టల్లోకి పోవాలి. నడవలేడు. మూడు చక్రాల బండి ఆ రాళ్లలో పోదు. అందుకని పెళ్లి ఊరేగింపులకు తిప్పే ఒకాయన దగ్గర ఆడగుర్రాన్ని కొన్నాడు. బాజాలకు, టపాకాయలకు అలవాటుపడింది కాబట్టి దేనికీ బెదరదు.

"వీపు మాత్రం మంచం మాదిరి ఉండాది. ఉత్త వీపు మీద కూర్చుంటే ఎడమకాలికి పట్టు దొరకదు, జారిపోతాండా" అన్నాడు.

అప్పటికే రెండు జీన్లు వేసి చూశాడట. గుర్రంతో పాటు వచ్చిన మొఖమల్ జీను ఏదో సన్న గుర్రం కోసం చేసింది. దీని వీపు మీద బోర్లించిన బాన మీద చెంబు పెట్టినట్టు నిలిచిందట. గుత్తిలో పాత సామాన్ల అంగట్లో దొరికిన రెండోది ఇరుకుగా ఉండి, భుజాల వెనక రెండు పక్కలా కరిచి పట్టింది. మూడు రోజులకే వెంట్రుకలు రాలి పుండ్లు పడ్డాయి. ఇప్పుడు జీను కనబడితే చాలు, కరవడానికి తల తిప్పుతోందట.

"మెత్తగా ఉండాల, జారకూడదు. అంతే" అన్నాడు.

మెత్తగా చేయడం నా పనే కదా అనుకున్నాను. ఆయన రెండు చేతులూ చాపి వెడల్పు చూపించాడు. నేను టేపు పట్టి ఆ చేతుల మధ్య ఎడాన్నే కొలుచుకున్నాను. గుర్రాన్ని చూపించమని అడగలేదు. నాలుగంగుళాల ఫోము వేసి, పైన నల్ల రెగ్జిను కుట్టి, కడుపు కిందికి వెడల్పాటి బెల్టు పెట్టాను. చూడ్డానికి చాలా బాగుంది. ఫోన్లో ఫొటో కూడా తీసుకున్నాను.

నాలుగో రోజు ఆయన భార్య ఫోను చేసింది.

"నీ జీను తిరగబడి మా ఆయన కింద పడినాడప్పా. మణికట్టు విరిగిండాది."

ఆమె అరవలేదు, తిట్టలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆ రోజు మిషను మీద ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు. మర్నాడు షాపు మూసి వాళ్ల ఊరికి పోయాను.

రేకుల పందిరి కింద కట్టు కట్టిన చేత్తో ఆయన కూర్చున్నాడు. తప్పు నాదేనన్నాను.

"నువ్వు యాడ చూసినావు గుర్రాన్ని? నేనూ చూపియ్యలేదు" అన్నాడు.

ఆయన భార్య గుర్రాన్ని తెచ్చి నిలబెట్టింది. జీను ఎందుకు తిరగబడిందో చూడగానే అర్థమైంది. వీపు వెడల్పుగా, గుండ్రంగా ఉంది. వెన్నెముక దగ్గర చిన్న పల్లం. జీనును పక్కకు పోకుండా ఆపడానికి భుజాల దగ్గర ఎత్తయిన ఎముకే లేదు. ఎడమకాలు ఆనదు కాబట్టి ఆయన కుడిపక్క నుంచి ఎక్కుతాడు. ఒళ్లు బరువంతా ఒక్క పక్క పడేసరికి నా మెత్తటి ఫోము అణిగి, జీను కడుపు కిందికి తిరిగింది. బెల్టు ఎంత బిగించినా లాభం లేదు, గుర్రానికి ఊపిరాడకపోవడం తప్ప.

"ముందు నువ్వెక్కు" అంది ఆమె నాతో.

గోడ పక్కన రాయెక్కి, దాని మీద నుంచి గుర్రమెక్కాను. తొడలు రెండూ విడిపోయాయి. పది అడుగులు వేసేసరికి తుంటి నొప్పి మొదలైంది. జూలు గట్టిగా పట్టుకున్నాను.

"ఆయన దినమంతా ఇట్లనే కూర్చోవాల" అంది.

కింద వెడల్పుండాలి, పైన తొడలు పడే చోట సన్నగా ఉండాలి. ఆ సంగతి నాకు గుర్రం మీద కూర్చున్నప్పుడే తెలిసింది. దిగి, లావు అల్యూమినియం తీగను గుర్రం వీపు మీద అడ్డంగా నొక్కి, ఆ వంపు చెడకుండా తీసి, సిమెంటు సంచి కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీశాను. మూడు చోట్ల అలా తీసుకున్నాను. గుర్రం జొన్నసొప్ప నములుతూ నిలబడింది.

ఆ గీతల ప్రకారం మా వీధిలో వెల్డింగు చేసే ఆయనతో ఇనుప చట్రం చేయించాను. ఒట్టి చట్రాన్నే గుర్రం మీద పెట్టి, కింద అరచెయ్యి దూర్చి చూశాను. ఒకచోట చెయ్యి ఇరుక్కుంటే మళ్లీ వెడల్పు చేయించాను. వెన్నెముకకు తగలకుండా మధ్యలో సందు వదిలి, రెండు పక్కలా రెండు దిండ్లు కుట్టాను. వాటిలో ఫోముకు బదులు పాత కంబళి పొరలు పరిచాను. ముందు పట్టుకోవడానికి కడ్డీ, ఎడమ తొడ వెనక్కి జారకుండా గట్టి దిండు. పాదం పెట్టుకునే రికాబుకు చెప్పు మొన లాగా ముందు మూత పెట్టాను, సత్తువ లేని పాదం లోపలికి దూరి ఇరుక్కోకుండా. జీను ముందుకూ వెనక్కీ జారకుండా గుర్రం ఛాతీకి ఒక పట్టీ, తోక కింద ఒక పట్టీ.

"తోక కింద పట్టీ ఏందప్పా, పెండ్లి గుర్రం మాదిరి?" అని ఆయన సణిగాడు.

"కింద పడింది నువ్వు. కుట్టేవాడికి చెప్పొద్దు" అంది భార్య.

చేతికట్టు విప్పేదాకా ఆమె ఆయన్ను ఎక్కనివ్వలేదు. ఈలోగా కుడి రికాబుకు ఇసుక మూట వేలాడదీసి చూశాం. జీను రెండు వేళ్ల మందం కదిలి నిలబడింది.

కట్టు విప్పిన వారానికి ఆయన రాయి మీద నుంచి ఎక్కాడు. ఊరి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. మొహం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాను.

"ఎట్ల ఉండాదన్నా?"

"కుడిపక్క కొంచెం గట్టిగా ఉండాది."

అక్కడే కుట్టు విప్పి ఒక పొర తీసేశాను. జీను దించి చూస్తే చెమట రెండు పక్కలా సమానంగా పట్టింది, వెన్ను మీద పొడిగా ఉంది. గుర్రం తల తిప్పలేదు. ఆమె దాని మెడ నిమిరి, "ఇంక పుండు పడదులే" అంది. మర్నాటి నుంచి ఆయన మళ్లీ గుట్టల్లోకి పోయాడు. పుండ్లు పడ్డ చోట తెల్ల వెంట్రుకలు మొలిచాయి, అవి పోలేదు.

మొన్న ఆమె సంతకు వచ్చి షాపు దగ్గర ఆగింది. గుర్రం చూలుతో ఉందట, ఎక్కడం మాన్పించారట. గొర్రెల వెంట ఇప్పుడు ఆమే పోతోంది.

"మరి అన్న?" అని అడిగాను.

"ఇంట్లో కూర్చోని నా ప్రాణం తీస్తాండాడు. అది ఈనినాక వీపు యెట్ల మారుతుందో ఏమో, ఒకసారి వచ్చి చూసిపోప్పా" అంది.

వస్తానన్నాను. ఆమె సంచి ఎత్తుకుని బస్సు కోసం పోయింది.