వెనక సీటులో పెద్దమ్మ

పెద్దమ్మ పోయింది. రెండు వారాల కింద ఒక పొద్దున, కాఫీ గ్లాసు పక్కన పెట్టి గోడకు ఆనుకున్న మనిషి మళ్లీ లేవలేదని ఆమె కోడలు వచ్చి చెప్పింది. నాకు ముందు దుఃఖం రాలేదు. ఇక నా వెనక ఎవరుంటారని భయం వేసింది.

ఆమె మాకు చుట్టం కాదు. ఇందిరా నగర్‌లో మా ఎదురింట్లో ఉండేది. మిల్లులో పనిచేసి రిటైరయ్యాక బండి నడపడం నేర్పేది. కొత్తగా బండి నేర్చుకునేవాళ్లను దగ్గరకు రానిచ్చేది కాదు. ఒకసారి పడి, మళ్లీ బండి ముట్టుకోలేని వాళ్లకే నేర్పేది.

కాలాపేట దగ్గర ఒక బస్సు నా స్కూటర్‌ను రాసుకుంటూ పోయినప్పుడు నాకు ఎముకలేవీ విరగలేదు. అయినా ఎనిమిది నెలలు బండి తీయలేదు. అడిగినవాళ్లకు నడుము నొప్పి అనేవాణ్ని. ఒకరోజు పెద్దమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది.

"ఏంది తంబీ, బండికి దుప్పటి కప్పి పండబెట్టినావు? జరమా దానికి?"

"నడుము నొప్పి పెద్దమ్మా."

"నేను నాలుగేండ్లు తలనొప్పి అని చెప్పుకున్నాలే. పట్టు, తోసుకోని పోదాం."

వారం రోజులు ఇంజను వేయనివ్వలేదు. లాస్‌పేటలో విమానాశ్రయం గోడ పక్కన బండిని తోసుకుంటూ నడవడమే. రోజూ ఒకటే అడిగేది. "ఈ పొద్దు భయం యాడుండాది?" చెప్పడానికి సిగ్గేసేది. చివరికి ఒకనాడు మోకాళ్లలో ఉందని చెప్పాను.

"సరి, వాటిని వణకనీ. బ్రేకు పట్టేది చేతులే గదా."

బస్సులు, లారీలు దూసుకుపోయే ఈసీఆర్ హైవే దాటిన రోజు ఆమె నా వెనక కూర్చుంది. బస్సు హారన్ వినగానే నా కళ్లు మూసుకుపోయాయి. వీపు మీద ఒక్కటి చరిచింది. "కండ్లు తెరు తంబీ! భయపడాలంటే తెరిచే భయపడు!"

అవతలికి చేరాక తిరిగి చూశాను. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"మీకూ భయమేనా పెద్దమ్మా?"

"నా మోపెడ్ మింద మా చెల్లెలు ఇట్లా వెనక సీట్లోనే కూచునింది. వానలో పడినాం. నేను లేచినా. అది లేవలే." కొంగుతో మొహం తుడుచుకుంది. "నడపడం మళ్లీ వచ్చింది. ఈడ కూచునేది మాత్రం అలవాటు కాలే. ప్రతిసారీ ప్రాణం పోయొస్తాది."

"మరెందుకు కూచుంటారు?"

"ముందరున్నోడికి వెనకాల ఒకరుండాల గదా."

ఆమె దగ్గర చివరగా నేర్చుకున్నది ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ. కూతురితో కలిసి బండి మీది నుంచి పడింది, కూతురి చెయ్యి విరిగింది. రోడ్డు దాటడం ఒక్కటే మిగిలి ఉండగా పెద్దమ్మ పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు ఆ నర్సమ్మ మా ఇంటికి వచ్చింది.

"అన్నా, మీరు వెనక కూచుంటారా?"

"నాకు నేర్పడం రాదమ్మా."

"నేర్పొద్దు. కూచోండి చాలు. ఇప్పుడు దాటకపోతే నేనింక బండి ముట్టను."

నడిపేవాడికి కనీసం బ్రేకు చేతిలో ఉంటుంది. వెనక కూర్చున్నవాడికి ఏమీ ఉండదు. సరేనని ఆమెను పంపాక, ఆ రాత్రి గుమ్మంలో కూచుని ఎదురింటి వైపు చూశాను. ఎన్నిసార్లు, ఎంతమంది వణికే చేతులకు పెద్దమ్మ తన ప్రాణం అప్పజెప్పిందో అప్పుడు తెలిసింది.

నిన్న సాయంత్రం నర్సమ్మ వెనక కూర్చున్నాను. రోడ్డు అంచున ఒక లారీని పోనిచ్చాం. తర్వాతి బస్సు ఇంకా చాలా దూరంలో ఉంది.

"అన్నా, పోనా?"

బస్సును ఇంకోసారి చూశాను.

"పో అమ్మా."

అవతల కొబ్బరి బోండాల బండి పక్కన ఆమె ఇంజను ఆపింది. ఒకరి వెనక ఒకరం అలాగే కూర్చుండిపోయాం. బోండాలు కొట్టే అతను ఎత్తిన కత్తి ఎత్తినట్టే పట్టుకుని మమ్మల్ని చూస్తున్నాడు.