రెండోసారి గుచ్చిన వేలు

పోయిన ఏడాది పత్తి ఏరే రోజులవి. మాది నెల్లికుదురు దగ్గర ఒక పల్లె. ఆడవాళ్లకు షుగర్ పరీక్షలు చేస్తున్నారంటే, చేనుకు పోయే ముందు పరగడుపునే పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. మా అత్తమ్మ తోడు వచ్చింది గానీ, "నాకేం రోగమున్నదని సూది గుచ్చుతరు?" అంటూ దూరంగా కుర్చీలో కూర్చుంది.

నర్సు నా వేలు గుచ్చి మిషన్ చూసింది. ఆమె మొహం మారింది. "నాలుగు వందలు దాటింది. ఏమన్న తిని వచ్చినవా అక్కా?"

"మంచినీళ్లు గూడ తాగలే," అన్నాను. షుగర్ ఆలస్యంగా బయటపడి కాలు పోగొట్టుకున్న మా అమ్మే కళ్ల ముందు మెదిలింది. అత్తమ్మ అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

నర్సు నా చెయ్యి వదల్లేదు. వేళ్లు తడిమి, "గిదేంది, గింత జిగటగున్నది?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. బయల్దేరే ముందు మా పాపకు సీతాఫలం ఒలిచి పెట్టి, చేతులు కొంగుకే తుడుచుకున్నాను.

సబ్బుతో కడిగించి, ఇంకో వేలు గుచ్చింది. నూట పన్నెండు.

"షుగర్ ఇంకా రాలే అక్కా, వచ్చే దారిల ఉన్నది. ఇప్పటిసంది జాగ్రత్తపడితే ఆపొచ్చు," అంది. రోజూ నడవమంది, అన్నం తగ్గించమంది. ఇంకో రోజైతే ఆ మాటకే బెంగపడేదాన్ని. ఆ పూట మాత్రం ప్రాణం లేచొచ్చింది.

చెబుదామని వెనక్కి తిరిగితే అత్తమ్మ కుర్చీలో లేదు. నల్లా దగ్గర నిలబడి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది.