వంకలు పెట్టి కొన్న కారు

ఆ రోజుల్లో మా ఇంట్లో దేన్నీ మెచ్చుకునే అలవాటు లేదు. దాన్ని చెడ్డ గుణం అనుకోకండి, అది వ్యాపారం నేర్పిన గుణం. మా బాపుకు వరంగల్ చౌరస్తా దగ్గరి సందులో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. పాత బిందె ఇచ్చి, పైన కొంత కలిపి, కొత్తది తీసుకెళ్లేవాళ్లే మాకు సగం గిరాకీ. పాత బిందె చేతికి రాగానే బాపు దాన్ని వేలి కణుపులతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, అయినవాళ్ల చావు కబురు విన్నట్టు మొహం పెట్టేవాడు. సొట్ట పడ్డదని, అడుగు చిల్లుకు మాటు వేశారని, ఇందులో ఏమున్నదని మెల్లగా మొదలుపెట్టేవాడు. బిందె ఎంత బాగుంటే ఆ మొహం అంత దిగులుగా ఉండేది. కొనేవాడు నచ్చిన సంగతి బయటపెట్టకూడదు, అమ్మేవాడు వంక బయటపెట్టకూడదు. మా ఇంటి చదువు ఈ రెండు ముక్కలే. అది దుకాణంలోనే ఆగిపోతే బాగుండేది గానీ, సాయంత్రం షట్టరు దించాక బాపు వెంట ఇంటికి కూడా వచ్చేది. అమ్మ చేసిన పచ్చిపులుసు రెండోసారి పోయించుకుంటూ ఉప్పెక్కువైందనేవాడు. నేను డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైన రోజు ఇంటికొచ్చిన చుట్టాలతో, "మావోడా, ఎందుకూ పనికిరాడు" అన్నాడు. (చుట్టాలు కూడా వ్యాపారస్తులే కాబట్టి గంభీరంగా తల ఊపి, మిఠాయి తిని వెళ్లారు. నేను మాత్రం మేడ మీదికి పోయి ఏడ్చాను.)

అలాంటి ఇంట్లో పుట్టి నేను ఒక కారును ప్రేమించాను. మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేడం ఒకరుండేవారు. ఆమెకు మేము చాటుగా పెట్టుకున్న పేరు రేస్ మేడం. కాటన్ చీర, మెడలో కళ్లద్దాల తాడు, నోరు తెరిస్తే న్యూటన్ సూత్రాలు. చూస్తే ఎవరూ అలాంటి పేరు పెట్టరు. కానీ సాయంత్రం బెల్లు కొట్టగానే ఆమె కొంగు నడుముకు దోపుకుని, ఎర్ర రంగు మీద రెండు తెల్ల చారలున్న చిన్న కారెక్కి గేటు దాటితే, ఆ శబ్దానికి మా బెంచీ మొత్తం కిటికీ వైపు ఒరిగేది. చూడ్డానికి అది సందుకొకటి కనబడే చిన్న కారులాగే ఉండేది. కంపెనీవాళ్లకు ఏం బుద్ధి పుట్టిందో, చిన్న కారు ఒంట్లో పెద్ద కారు ఇంజను పెట్టి, దేశం మొత్తానికి కొన్నే కొన్ని తయారుచేసి, ఒక్కోదాని లోపల చిన్న రేకు మీద నంబరు చెక్కించి అమ్మారట. తర్వాత ఆ సరదా తీరిపోయి మానేశారు. మా ఊళ్లో అలాంటిది ఇంకోటి లేదు. నాకు ఫిజిక్సులో వచ్చిన మార్కులు తక్కువే గానీ, ఆ కారు గురించి అడిగితే యూనివర్సిటీ ఫస్టు వచ్చేవాణ్ని.

చదువైపోయి, హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం దొరికి, కొన్నేళ్లు జీతం దాచుకున్నాక ఒకరోజు మా మెకానిక్ ఒక కబురు చెప్పాడు. మేడం రిటైరయ్యారు, మోకాళ్లు అరిగాయి, క్లచ్ తొక్కలేకపోతున్నారు, కారు ఇచ్చేస్తారట. ఆ రాత్రి ఫోనులో చదివి చదివి నేనొక కొత్త మాట నేర్చుకున్నాను: మోడ్రన్ క్లాసిక్. పొద్దున్నే అమ్మకు వివరించాను. అంటే పూర్తిగా పాతకాలపుది కాదు, అలాగని కొత్తదీ కాదు, ఇప్పుడు ఎవరూ లెక్కచేయరు, ముందు ముందు అందరూ విలువ తెలుసుకుంటారు అని. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ శ్రద్ధగా విన్నది. "అంటే మీ బాపు లెక్కనా" అన్నది.

మొదటిసారి నేనొక్కణ్నే వెళ్లాను. మేడం నన్ను గుర్తుపట్టారు (మార్కులు కూడా గుర్తుపట్టారు). తాళం చేతికిచ్చి, పక్క సీట్లో కూర్చుని, కాజీపేట వైపు నడపమన్నారు. నేను భయంతో ఎద్దుబండిలా నడుపుతుంటే, కాసేపు ఊరుకుని, "దానికి కాళ్లున్నయి, జర ఉరకనియ్యి" అన్నారు. ఉరకనిచ్చాను. వీపు సీటుకు అతుక్కుపోయింది, నా నోటి నుంచి ఏదో కూత వచ్చింది. మేడం ముందుకు చూస్తూనే నవ్వారు. తిరిగొచ్చాక, ఈ కారు కోసం హైదరాబాదు నుంచి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారని, రంగు మారుస్తానన్నవాడికి, సైలెన్సర్ పీకేస్తానన్నవాడికి ఇవ్వనని చెప్పేశానని అన్నారు. "నువ్వు మంచిగ చూసుకుంటవని నమ్ముతాన్న. ఇంట్ల పెద్దోళ్లను ఒకసారి తోలుకరా. ఇంట్ల ఇష్టం లేని బండి వాకిట్ల నిలవదు." పేపర్ల మీద సంతకం ఒక్కటే మిగిలినట్టుగా నేను ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను.

బాపు అంతా విని, బేరం నీతోని కాదు, నేను మాట్లాడుతా అన్నాడు. ఆదివారం పొద్దున తయారై వచ్చాడు. ఆయన ఒంటి మీద నీలం గళ్ల చొక్కా చూడగానే నా గుండె జారింది. ఆ చొక్కా గురించి చెప్పాలి. మా బాపు ఎక్కడికైనా కొనడానికి పోతే వెలిసిపోయి, కాలరు చిరిగిన ఆ గళ్ల చొక్కానే వేసుకునేవాడు. పెళ్లిళ్లకు, అమ్మకాలకు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. పైసలున్నోడని తెలిస్తే ధర పెరుగుతుందని ఆయన సిద్ధాంతం. అమ్మ ఎన్నిసార్లు పారేసినా ఆ గళ్ల చొక్కా మళ్లీ దండెం మీదికే చేరేది.

మేడం ఇంటి ముందు, కారు కడిగి, తుడిచి, నీడలో పెట్టి ఉంది. ఆమె స్వయంగా తుడిచినట్టున్నారు, బట్ట ఇంకా భుజం మీదే ఉంది. బాపు కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. వంగి, బానెట్టును వేలి కణుపులతో తట్టాడు, చెవి వంచి విన్నాడు, బిందె దగ్గర పెట్టే మొహమే పెట్టాడు. తర్వాత తలుపు తట్టాడు. ఎడమ తలుపు కింద సొట్ట ఉన్నదన్నాడు. బంపరుకు మాటేసినట్టున్నదన్నాడు. రంగు వెలిసిందన్నాడు, చారలు ఎవరు గీశారన్నాడు, వెనక సీట్లో మనుషులు కూర్చుంటారా, కూరగాయల గంపలు పెడతారా అని అడిగాడు. నేను వెనక నుంచి చొక్కా లాగుతున్నాను. ఆయన బేరం ఊపులో ఉన్నాడు. ఆఖరికి నిట్టూర్చి, "దీంట్ల ఏమున్నది మేడం, ఉత్త డబ్బా" అన్నాడు. మేడం భుజం మీది బట్ట తీసి మెల్లగా మడతపెట్టారు. "చాయ్ తాగి పోండి సేటు గారు. బండి అమ్ముత లేను" అన్నారు. చాయ్ మంచిగానే ఉంది, నేను మాత్రం కప్పు అలాగే పెట్టి లేచాను. దారిలో బాపు మాత్రం హుషారుగా ఉన్నాడు. ఆమె గట్టి బేరగత్తె అని మెచ్చుకున్నాడు (ఆయన నోట నేను విన్న మొదటి మెప్పు). వారం తిరిగేలోపు ఆమే ఫోన్ చేస్తుందన్నాడు.

ఫోన్ రాలేదు. వారం పోయింది, ఇంకో వారం పోయింది. నేను అన్నం సరిగ్గా తినడం మానేశాను, బ్యాంకులో ఒకరి పాసుబుక్కు ఇంకొకరికి ఇచ్చి తిట్లు తిన్నాను. ఆఖరికి సిగ్గు విడిచి మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె కోపంగా లేరు, అదే నాకు ఇంకా బాధైంది. సొట్ట ఉన్న మాట నిజమేనని, కాలేజీ గేటుకు తనే తగిలించానని చెప్పారు. "ఇన్నేండ్లు దాన్ని ఎవరూ డబ్బా అనలే. ఆ ఇంటికి పోతే రోజూ ఆ మాటే వింటది గదా బిడ్డా. ఏం మార్చనన్న హైదరాబాదాయన ఎల్లుండి వస్తాంటాండు." ఇంటికొచ్చి నేను ఆ మాట చెప్పినప్పుడు బాపు భోజనం చేస్తున్నాడు. అన్నం కలపడం ఆపేశాడు. "నిజంగనే అమ్మనన్నదా" అన్నాడు. నలభై ఏళ్ల దుకాణంలో ఆయన వంక పెడితే ధర తగ్గడం చూశాడు గానీ, మనసు నొచ్చుకోవడం ఎప్పుడూ చూడలేదనుకుంటాను. చేయి కడుక్కుని లేచాడు. మర్నాడు దుకాణం తెరవకుండా, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, నడువు అన్నాడు.

మేడం ఇంట్లో నేను చూసిన దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేదు. మా బాపు, జీవితంలో మొదటిసారి, కొనబోయే సామానును మెచ్చుకోవడానికి కూర్చున్నాడు. మాటలు దొరకలేదు పాపం. దొరికినవన్నీ దుకాణం మాటలే. ఇంత గట్టి గేజు రేకు ఇప్పుడు వస్తలేదన్నాడు. అడుగు మందంగా ఉన్నదన్నాడు. ఇంట్లో ఒక్కటుంటే మనవలు, మునిమనవల దాకా వాడుకోవచ్చన్నాడు. మేడం కళ్లద్దాలు పెట్టుకుని ఆయన్ను చూస్తున్నారు, నేను నేలను చూస్తున్నాను. ఎండాకాలం కాకపోయినా బాపు మొహం మీద చెమటలు పట్టాయి. ఇక మాటలు అయిపోయి, తువ్వాలతో మొహం తుడుచుకుని, వేరే గొంతుతో మాట్లాడాడు.

"మేడం, మా దుకాణంల మంచిగున్నది, మంచిగున్నది అన్నోడు ఎన్నడూ కొనడు. చూసి, మెచ్చుకొని పోతడు. వంక పెట్టినోడే కొంటడు. నచ్చని సామానును మేము తట్టి గూడ చూడం. ఆ రోజు మీ బండిని నేను ఎన్నిమార్లు తట్టిన్నో మీరే చూసిండ్రు."

మేడం కళ్లద్దాలు తీసి మెడలోకి వదిలారు. తర్వాత లోపలికి వెళ్లి తాళాలు తెచ్చి, నాకు కాదు, ఆయన చేతికిచ్చారు. చారలు తీయొద్దని, వెనక అద్దం మీద పేర్లు రాయించొద్దని రెండే షరతులు పెట్టారు. హైదరాబాదాయనకు అప్పటికప్పుడే ఫోన్ చేసి రావద్దని చెప్పారు. గేటు దాటేటప్పుడు అద్దంలో చూశాను. ఆఖరిసారి కారు తుడిచిన బట్ట ఆమె చేతిలో ఇంకా ఉంది.

ఆ కారు మా వాకిట్లోకి వచ్చి ఇప్పటికి ఏళ్లు గడిచాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిన రోజు నుంచి బాపు దాన్ని డబ్బా అనే పిలిచాడు. మేడారం పోయినప్పుడు అమ్మవార్లకు మొక్కిన బెల్లం ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లోనే కూర్చుని, ప్రతి గుంతకూ నడుము విరిగిందన్నాడు. రఘునాథపల్లిలో చుట్టాల పెళ్లికి వాళ్లు పెద్ద కారు పంపిస్తామంటే వద్దని, ఇందులోనే ఎక్కి, దారంతా సీటు గట్టిగా ఉందని గొణిగాడు. మేడం అప్పుడప్పుడు ఫోన్ చేసి, నన్ను కాదు, కారును బాగున్నదా అని అడిగేవారు. నాకు పెళ్లై, ఇద్దరు పిల్లలయ్యారు. వెనక సీట్లో వాళ్ల కాళ్లు పట్టడం లేదు, డిక్కీలో సంచి పట్టడం లేదు. మా ఆవిడ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. మొన్న నేనే మనసు రాయి చేసుకుని, పాత కార్లు పోగేసే ఒకాయనకు కబురుపెట్టాను. (చదివినట్టే, ఆ కారు విలువ ఇప్పుడు అందరికీ తెలిసింది. నా లెక్క ఒకటి నిజమైంది, అదీ నేను అమ్ముకునే వేళకు.) ఇంట్లో చెబితే బాపు ఊఁ అని కూడా అనలేదు. పీడ పోతుందని సంతోషిస్తున్నాడనుకున్నాను.

వచ్చినాయన కారును చూసి కళ్లు పెద్దవి చేశాడు. చేయి వేసి, చారలు నిమిరి, నంబరున్న రేకు ఫోటో తీసుకుని, చాలా మెచ్చుకున్నాడు. అప్పుడు బాపు లోపల్నుంచి వచ్చాడు. వచ్చి, కారు చుట్టూ తిరిగి, బానెట్టు తట్టి చెవి పెట్టాడు. సొట్ట చూపించాడు. నాకే తెలియని తుప్పు ఎక్కడో కింద ఉంటే పిలిచి వంచి చూపించాడు. ఎండాకాలం లోపల పొయ్యిలా ఉంటుందని, వానాకాలం డిక్కీలో నీళ్లు దిగుతాయని, ఇందులో తిరిగి తన నడుము పోయిందని చెప్పాడు. వచ్చినాయన మొహం మెల్లమెల్లగా మారింది. ఇంట్లో అడిగి చెబుతానని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు వ్యాపారం చేసినవాడివి, అమ్మేటప్పుడు ఎవరైనా ఇలా మాట్లాడతారా అని అడగబోయి ఆయన వైపు తిరిగాను. అప్పుడు చూశాను. ఆయన ఒంటి మీద వెలిసిపోయిన నీలం గళ్ల చొక్కా ఉంది.

బాపు ఇంకోసారి బానెట్టు తట్టి, "ఎండల పెట్టినవ్. రంగు పోతది, లోపల పెట్టు" అని ఇంట్లోకి వెళ్లాడు. కారు తీసి నీడలో పెట్టాను. పిల్లల కాళ్ల సంగతి, సంచుల సంగతి మా ఆవిడకు ఎలా చెప్పాలా అని కాసేపు అందులోనే కూర్చున్నాను. లోపల బాపు ఫోనులో ఎవరో చుట్టంతో మాట్లాడుతున్నాడు. అవతలివాళ్లు నా గురించి అడిగినట్టున్నారు. "మావోడా, ఎందుకూ పనికిరాడు" అంటున్నాడు. డిగ్రీ పాసైన రోజు మేడెక్కి ఏడ్చిన కుర్రాడు గుర్తొచ్చాడు. వాడిప్పుడు పక్క సీట్లో ఉంటే, ఏడవకురా, అది కొనేవాడి మాట అని చెప్పి ఉండేవాణ్ని. కారు అద్దం దించి, ఆ మాట ఇంకోసారి అంటాడేమోనని ఆశగా విన్నాను.