హాతీరాం పడ్డ చోటు

వీరన్న చావడం నేర్చుకున్నది యాభై ఏడో ఏట. తన చావు కాదు, తండ్రి చావు. అదీ మైకు పెట్టి, జనం కూడిన చోట.

ములకలపల్లి హైస్కూల్లో అటెండరు అతను. గంట కొట్టడం, రిజిస్టర్లు మోయడం, సార్లకు చాయ్ తేవడం, సాయంత్రం గదులకు తాళాలేసుకుని పక్కనున్న తండాకు సైకిల్ తొక్కుకుంటూ పోవడం. ఇంకో ఏడాది గడిస్తే రిటైరై ఇంట్లో కూర్చునేవాడే. అంతలో రెండు వేల ఆరు ఎండాకాలం సెలవుల్లో ఆ బృందం వచ్చి స్కూలు గ్రౌండు అడిగింది.

ఎవరి పిచ్చి వాళ్లకు ఆనందం అన్నారు. ఖమ్మం, సత్తుపల్లి వైపు నుంచి నలుగురు మాస్టర్లు, ఒక ఆర్టీసీ క్లర్కు, ఒక ఇన్సూరెన్సు ఏజెంటు, ఇంకొందరు కుర్రవాళ్లు కలిసి 'పోరు యాది బృందం' అని పెట్టుకున్నారు. వెనకటి సాయుధ పోరాటంలో దళాలు అడవిలో మిలిటరీతో ఎట్లా తలపడ్డాయో, ఆ బట్టలే కట్టి, చెక్క తుపాకులు పట్టి, చప్పుడుకు టపాకాయలు పేల్చి ఊరూరా చేసి చూపించడం వాళ్ల పని. ఎవరూ జీతం ఇవ్వరు, ఎవరూ పిలవరు, వీళ్లే పోతారు. నాటకం అన్నామా, ఉదయ్ భాస్కర్ సారుకు ఎక్కడలేని కోపం. "నాటకం కాదండీ, చరిత్ర" అంటాడు. అతనిది పెనుబల్లి. తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొన్నాడు. మనవడు కాలేజీలో చరిత్ర చెబుతాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత బాధ ఉండేది కాదేమో.

మిలిటరీ వేషానికి మనుషులు చాలక తాళాలు పట్టుకు నిలబడ్డ వీరన్నకూ ఒక తుపాకీ ఇచ్చారు. లెఫ్ట్ రైట్ కొట్టించారు. మధ్యాహ్నం చెట్టు కింద అన్నాలు తింటూ ఉదయ్ భాస్కర్ మాట వరసకు అడిగాడు.

"మీ వాళ్లెవరైనా పోరాటంలో ఉన్నారా వీరన్నా?"

"మా బా ఉండె సార్, మా నాయిన. దళానికి ఎద్దు మీద జొన్నలు మోసేటోడు. ఒకనాడు గట్లనే అడివిల వోయిండు, మల్ల రాలె. నేనప్పుడు మా యాడి కడుపుల ఉన్న."

"పేరు?"

"హాతీరాం."

"ఎట్లా చనిపోయారు?"

"ఎవ్వలకు తెల్వదు సార్. సచ్చిండో బతికిండో గూడ తెల్వదు."

సారు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంతకాలం వాళ్లు చూపిస్తున్నదంతా ఎక్కడో నల్లగొండ వైపు కథ. ఇప్పుడు ఇక్కడివాడే, ఈ అడవివాడే ఒకడు దొరికాడు. వారం తిరక్కుండా ఒక కొత్త ఘట్టం రాసుకొచ్చాడు. హాతీరాం ఎద్దును తోలుకుంటూ వాగు దాటుతుంటాడు. మిలిటరీ చుట్టుముడుతుంది. దళం జాడ చెప్పమంటుంది. చెప్పడు. కాలుస్తారు. ఒడ్డున పడతాడు, పాట మొదలవుతుంది. హాతీరాం వేషం కొడుకే కట్టాలన్నాడు.

"గిట్లనే అయిందంటరా సార్?" అని అడిగాడు వీరన్న.

"ఇలాగే అయ్యుంటుంది వీరన్నా. ఇంకెలా అవుద్ది?"

ఇంతకూ ఇంట్లో హాతీరాం భార్య బాలి బతికే ఉంది. డెబ్బై ఐదు దాటిన ముసలిది, కళ్లకు పొర కమ్మింది, మనిషి ఆకారం తప్ప మొహం ఆనదు. మోచేతుల పైన తెల్ల గాజులు మాత్రం వరసగా భుజం దాకా ఉన్నాయి. లంబాడీ ఆడది భర్త ఉన్నంతకాలం అవి వేసుకుంటుంది, పోయిననాడు తీసేస్తుంది. మొదట్లో తండా పెద్దలు గాజులు తీయమని వచ్చారట. "నా మొగుడు సచ్చిండని కండ్లార జూసినోన్ని ఒక్కన్ని నా ముందల నిలవెట్టుండ్రి, తీస్త" అన్నది. అట్లాంటివాడు ఎవడూ లేడు. పెద్దలు లేచిపోయారు. తర్వాత ఆ పెద్దలూ పోయారు, బాలి గాజులు ఉన్నాయి. భద్రాచలం మెట్ల దగ్గర ఎవరో లంబాడీ ముసలాడు అడుక్కుంటున్నాడని విని ఒకసారి వీరన్నను పంపింది. అతను పోయి చూసి వచ్చి, కాదు యాడీ అన్నాడు. అట్లా ఎన్నిసార్లు పంపిందో, అన్నిసార్లు పోయాడు. ఆ ఎదురుచూపు పిచ్చిదని వీరన్నకు తెలుసు. తల్లి బతుకుతున్నది దాని మీదనే అనీ తెలుసు.

అందుకే మొదటి రోజే సారుతో గట్టిగా చెప్పాడు. "ఏ ఊల్లెనన్న చేస్త సార్. మా తండల మాత్రం వద్దు."

మొదటిసారి చండ్రుగొండలో చేశారు. పోయేటప్పుడే పెద్ద గండం. ట్రాలీ ఆటోలో ఎర్ర చుక్క గుర్తున్న టోపీలు, ఖాకీ చొక్కాలు, తుపాకులతో పోతుంటే దారిలో పోలీసులు ఆపారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఆ నక్సలైట్ల రోజుల్లో అడవి దారిలో తుపాకీ పట్టుకున్నవాడు 'చరిత్ర సార్' అంటే నమ్మేదెవరు? మాస్టర్లనూ క్లర్కునూ అందరినీ చేతులు తల మీద పెట్టించి ఎండలో కూర్చోబెట్టారు. ఫోన్ల మీద ఫోన్లు పోయాక వదిలారు. తుపాకీ మూతికి పసుపు రంగు వెయ్యాలి, పొద్దుగూకకముందే ముగించాలి అని చెప్పి మరీ వదిలారు.

ఆ కంగారులో పోయి చేస్తే ఏం కుదురుతుంది? నెత్తికి రంగేసి, బొజ్జకు గుడ్డ బిగించి, యాభై ఏడేళ్ల కొడుకు పాతికేళ్ల తండ్రిగా దిగాడు. తుపాకీ పేలగానే మూట పడ్డట్టు పడ్డాడు. పాట మధ్యలో చీమ కుట్టింది, గోక్కున్నాడు. జనం గొల్లున నవ్వారు. ఉదయ్ భాస్కర్ మొహం మాడిపోయింది.

"చచ్చినవాడు పాట అయ్యేదాకా చచ్చే ఉండాలి వీరన్నా. పాము పాకినా కదలొద్దు. మీరు కదిలితే మీ నాన్న త్యాగం నవ్వులపాలవుద్ది."

ఆ మాట వీరన్నకు సూటిగా తగిలింది. నవ్వింది తనను కాదు, తండ్రిని అనిపించింది. ఆ రాత్రి నుంచి అతను తల్లి పక్కన చేరి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. బా ఎట్లా నడిచేటోడు? రుమాలు ఎట్లా చుట్టేటోడు? ఎద్దును ఏమని పిలిచేటోడు?

బాలి మొహం వెలిగింది. కొడుకు ఇంత వయసొచ్చి ఎన్నడూ ఇవి అడగలేదు. ఎడమ కాలు కాస్త ఈడ్చేవాడని చెప్పింది. చిన్నప్పుడు ముల్లు దిగి లోపలే విరిగిందట. రుమాలు కొస చెవి మీదికి వదిలేవాడట. ఎద్దును పేరుపెట్టి పిలవడు, నాలుక అంగిలికి కొట్టి రెండుసార్లు చప్పుడు చేసి, ఒక క్షణం ఆగి మూడోసారి చేసేవాడు. ఆ చప్పుడు ముసలమ్మ చేసి చూపించింది. కొడుకు చేస్తే, "గట్ల గాదు, జర ఆగి" అని దిద్దింది. దిద్దిదిద్ది, చివరికి చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఏమన్న కబురొచ్చిందా కొడుకా?"

"లేదు యాడీ, ఊకెనే" అన్నాడు. అక్కడ అసలు సంగతి చెప్పేసి ఉంటే బాగుండేది. చెప్పలేదు.

వానలు వెలిశాక పెనుబల్లిలో చేశారు, తర్వాత ఖమ్మంలో, చలికాలంలో ఇంకా రెండు మూడు ఊళ్లలో. వీరన్న నడుస్తుంటే జనం మాట్లాడటం మానేసేవారు. పడితే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకునేవారు. చాయ్ గ్లాసులు కడిగే మనిషికి ఒక పెద్దావిడ కాళ్లకు దండం పెట్టింది. ఎన్నడూ చూడని తండ్రి తన ఒంట్లోకి వచ్చి నడిచిపోతున్నట్టు అనిపించేది అతనికి. చచ్చి పడి ఉన్నంతసేపూ కళ్లు మూసుకుని సంతోషపడేవాడు. అవును, సంతోషమే. పుట్టి బుద్ధెరిగినాక తండ్రి ఉన్నట్టు అనిపించింది అప్పుడే.

మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి ఉదయ్ భాస్కర్ ఒక రాయి చెక్కించాడు. ఎర్ర రంగు వేసి, 'అమరుడు హాతీరాం' అని పేరు రాయించాడు. దాన్ని తండాలోనే పాతాలి, ఆ రోజు ఘట్టం అక్కడే చెయ్యాలి అన్నాడు. తండా కుర్రవాళ్లు ఎగిరి గంతేశారు. వీరన్న కాదనాలి. ఏడాది కింద గట్టిగా అన్నవాడే కదా. ఆ రాయి మీద పేరు చూసి తల ఊపాడు.

భార్య రూప్లి మాత్రం ఊరుకోలేదు.

"అత్తమ్మను ఆ రోజు మా అన్నోల్లింటికి తోలియ్యి. ఆమె జూస్తే ఏమైతదో తెలుసా నీకు?"

"కండ్లు ఆనయి, ఏం జూస్తదే? ఇంట్ల గూసుంటది."

"కండ్లు ఆనకుంటే చెవులు లెవ్వా?"

ఆ మాట విన్నాడు, విననట్టే పోయాడు. చూడనీ, ఒక్కసారి చూడనీ అని లోపల ఎక్కడో అతనికీ ఉంది. అదే అతని కొంప ముంచింది.

పొద్దు వాలుతున్నప్పుడు మొదలుపెట్టారు. ఆడవాళ్లంతా ఒకవైపు కూర్చున్నారు. ఇంట్లో ఉంటుందనుకున్న బాలి, పొరుగింటి గంగక్క చెయ్యి పట్టుకుని వచ్చి ముందు వరసలోనే కూర్చుంది. వీరన్న గమనించలేదు. ఎద్దు పగ్గం పట్టుకుని, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ వచ్చాడు. నాలుకతో రెండుసార్లు చప్పుడు చేసి, ఆగి, మూడోసారి చేశాడు.

ముసలమ్మ లేచి నిలబడింది. గంగక్క కూర్చోబెట్టబోతే చెయ్యి విదిలించింది.

తుపాకులు పేలాయి. వీరన్న పడ్డాడు. పాట ఎత్తుకున్నారు. మైకులో ఉదయ్ భాస్కర్ గొంతు: "మన హాతీరాం ఇలా, వాగు ఒడ్డున, మిలిటరీ తూటాలకు నేలకొరిగాడు..."

అప్పుడు లేచింది ఏడుపు. లంబాడీ ఆడవాళ్లు చావు ఇంట్లో రాగం తీసి ఏడ్చే ఏడుపు. ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్లు మెడ మీద పడి అందుకోవాలి, అది ఆచారం. ముందు ఒక గొంతు, తర్వాత పది గొంతులు, తర్వాత తండా మొత్తం. మొదటి గొంతు ఎవరిదో నేల మీద పడి ఉన్న వీరన్నకు తెలిసింది.

లేవాలి. ఒక్క ఉదుటున లేచి పరుగెత్తాలి. కానీ పాట అయిపోలేదు. చచ్చినవాడు పాట అయ్యేదాకా చచ్చే ఉండాలి. ఏడాది పొడుగునా ఒంటికి పట్టించుకున్న ఆ మాట అతన్ని కదలనివ్వలేదు. లేస్తే జనం నవ్వుతారు, బా నవ్వులపాలవుతాడు. కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. ముసలి ఆడవాళ్లు బాలిని కూర్చోబెట్టారు. ఒక గులకరాయి తెచ్చారు. గాజులు ఒక్కొక్కటే పగిలే చప్పుడు పాట కిందనుంచి అతనికి వినబడుతూనే ఉంది. పాట అయిపోయేసరికి అవీ అయిపోయాయి.

ఉదయ్ భాస్కర్ కళ్లొత్తుకుంటూ వచ్చి వీరన్నను కావలించుకున్నాడు. "ఇంత స్పందన ఎక్కడా రాలేదు" అన్నాడు. వీరన్న అతన్ని తోసేసి తల్లి దగ్గరకు పరుగెత్తాడు.

"యాడీ, అది నేను. ఆట యాడీ. నేను వీరన్నను."

"నాకు తెల్వదా నువ్వని? నా కొడుకును నేనెరగనా?" అన్నది బాలి. "చేసింది నువ్వే. జరిగింది మాత్రం గట్లనే గద. సదువుకున్నోల్లు, గింతమంది ముందల, మైకుల అబద్దం ఆడుతరా?"

ఆ రాత్రి వీరన్న సారుకు ఫోన్ చేశాడు. "మీరొచ్చి మా యాడికి చెప్పుండ్రి సార్, గది మీరు రాసిందని." "ఇప్పుడు చెబితే ఆవిడ తట్టుకోగలదా వీరన్నా?" అన్నాడు సారు. గాజులు తీసిన ఆడదానికి మళ్లీ గాజులు తొడగడం తండాలో ఎవరూ విన్నది కాదు. సారు రాలేదు. వీరన్నా నోరు విప్పలేదు. శవం లేకుండానే దినం చేశారు. బంధువులు తిన్నారు, పోయారు.

దినం అయిన మరునాడు పొద్దున్నే బాలి అరుగు మీద కూర్చుని కొడుకును పిలిచింది. బోసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. గాజులున్నంత మేర చర్మం పసిపిల్లదానిలా పాలిపోయి ఉంది. వీరన్న అటు చూడలేకపోయాడు.

"వాగు ఒడ్డున పడ్డంక ఎంటనే పానం పోయిందా?"

"లే యాడీ. జరసేపు ఉండె."

"నీల్లడిగిండా?"

ఏం చెప్పాలి? అడగలేదంటే ఒక బాధ, అడిగాడంటే ఇంకో బాధ. "అడిగిండు."

"ఎవలన్న ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు యాడీ. పక్కన దళపోడు ఒకడు దాక్కొని ఉండె. మిలిటరోల్లు పోయినంక వచ్చి తాపిండు. కడుపు నిండ తాగిండు." చెప్పేటప్పుడు అతనికే ఏడుపు వచ్చింది. ఇంతకన్నా మంచి అబద్ధం అతనికి చేతకాదు.

బాలి తల ఊపింది. తర్వాత పొర కమ్మిన కళ్లు కొడుకు వైపు తిప్పింది.

"నీల్లు వోసినోడు బతికే పోయిండు గద. గంత మంచోడు గిన్నేండ్లల్ల ఒక్కసారన్న వచ్చి నాకు చెప్పకపోవునా?"

వీరన్న కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవ్వలు జూల్లే" అన్నది బాలి. "మీకెవ్వలకు తెల్వదు."

చెయ్యి చాచి తడుముకుంటూ కొడుకు మొహం పట్టుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, అడిగి తెలుసుకుందామన్నట్టే అడిగింది.

"మరి నన్నెందుకు ముండమోపిని జేసినవ్ కొడుకా?"